పగ తీరిన రాత్రి

పోయినయేడు శివరాత్రి సెలవుల్లో ఒక సినిమా మా యింటిని రెండు పార్టీలుగా చీల్చింది. యెన్నికలకు కూడా మాలో యింత చీలిక యెన్నడూ రాలేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు గుంటూరు వచ్చి, “అన్నయ్యా, కొరియావాళ్ల సినిమా ఒకటి చూపిస్తాను. నీ ప్రబంధాలన్నీ దాని ముందు దిగదుడుపే” అన్నాడు. పెద్దలు మాత్రమే చూడదగినదని ముందే చెప్పాడు గనుక పిల్లల్ని మేడమీదికి తరిమేశాం. అమ్మ, మా ఆవిడ, నేను, తమ్ముడు, వీరికి తోడు మా బావ. బావది పల్నాడు. మిరపకాయలు యార్డుకు తెచ్చి, మర్నాడు సెలవని తెలిసి మా యింట మకాం వేశాడు. అతడు కదిలినప్పుడల్లా బట్టల్లోంచి లేచే ఘాటుకు మా ఆవిడ తుమ్ముతూనే వుంది.

ఆ సినిమా పేరు ఓల్డ్ బాయ్. పార్క్ చాన్ వుక్ అనే దర్శకుడు 2003లో తీశాడు. మూలం ఒక జపాను బొమ్మల కథ. 2004లో కాన్ చలనచిత్రోత్సవంలో ద్వితీయ బహుమానం పొందింది.

ఓ డే సు అనే సామాన్య సంసారి తప్పతాగి యింటికి పోతూ మాయమవుతాడు. కళ్లు తెరిస్తే తాళం వేసిన గది. యెవరు బంధించారో, యెందుకు బంధించారో చెప్పేవారు లేరు. అలా 15 సంవత్సరాలు! రోజూ తలుపు సందులోంచి తోసే వేపుడు కుడుములే అతని అన్నం. తన భార్య హత్య అయిందనీ, ఆ నేరం తనమీదే పడిందనీ గదిలోని టెలివిజనే అతనికి చెబుతుంది. ఒకనాడు హఠాత్తుగా వదిలేస్తారు. వూళ్లో ఒక్కొక్క దుకాణంలో కుడుములు రుచి చూస్తూ, ఆ నాలుక జ్ఞాపకంతోనే తన చెరసాల జాడ పట్టుకుంటాడు. ఈ ఘట్టం దగ్గర అమ్మ కూడా, “పాపం, తెలివైనవాడే” అంది.

అమ్మ మెచ్చుకోలు అక్కడితో సరి. సుత్తితో పళ్లు పీకే ఘట్టం రాగానే లేచి వంటింట్లోకి పోయింది. పోయిందే కాని, చెవి మాత్రం యిటే వుంది. నాయకుడు బతికున్న ఆక్టోపస్‌ను నమిలి మింగే దృశ్యానికి మా ఆవిడ కళ్లు మూసుకుంది. ఆ నటుడు చోయ్ మిన్ సిక్ బౌద్ధుడట. ఆ ప్రాణులకు క్షమాపణ చెప్పుకొని మరీ నటించాడట. నాగార్జునకొండ నేలమీద కూర్చుని విన్న నాకు నవ్వాలో యేడవాలో తెలియలేదు.

చివరకు తేలినదేమంటే, బంధించినవాడూ పగ తీర్చుకుంటున్నవాడే. బడిలో చదివే రోజుల్లో ఓ డే సు ఒక పిల్ల గురించి నోరు జారాడు. ఆ మాట పుకారై పాకింది, పిల్ల ప్రాణం తీసింది. ఆమె తమ్ముడు యిన్నేళ్లు కాచుకుని, నోరు జారినవాడికి వేసిన శిక్ష యేమిటో యిలాంటి పత్రికలో రాయదగినది కాదు. చూసినవారికి తెలుసు. 2006లో హిందీలో వచ్చిన జిందాకు దీనితో దగ్గరి పోలికలున్నా, ఆ రహస్యం జోలికి మాత్రం పోలేదు.

దీపాలు వెలిగించగానే యుద్ధం మొదలయింది.

“యింత రోత తీయడానికి చేతులెలా వచ్చాయండీ?” అంది మా ఆవిడ.

“మన సినిమాల్లో హీరో నరికే తలలకు లెక్కుందా వదినా? అప్పుడు పాప్‌కార్న్ తింటూ చూస్తావే!” అన్నాడు తమ్ముడు.

ఆ దెబ్బకు మా ఆవిడ ఒక్క క్షణం ఆగిన మాట నిజం. మర్నాటికల్లా జవాబు సిద్ధం చేసుకుంది: “మనవాళ్లు నరికితే కథ అయిపోతుంది, యింటికొచ్చి నిద్రపోతాం. వీళ్లు నిద్ర పట్టనివ్వలేదు.” నిందగా అన్న ఆ మాట, తమ్ముడి పొగడ్తలన్నిటికన్నా ఆ సినిమాను బాగా పట్టుకుందని నాకు తోచింది. మన ప్రతీకార కథల్లో చివరి దెబ్బకు యీలలు పడతాయి. యిక్కడ పగ తీరిన మనిషి ముఖంలో గెలుపు లేదు. యిన్నేళ్లూ బతకడానికి వున్న ఒక్క కారణమూ చేజారిపోయినవాడిలా లిఫ్టు యెక్కి, తుపాకితో తన్ను తానే కాల్చుకుంటాడు.

కాలేజీలో స్టాఫు రూములోనూ యిదే రగడ. ఇంగ్లీషు లెక్చరరు గారు గ్రీకు నాటకాలతో పోల్చారు. లెక్కల మేష్టారు, “గ్రీకులు చేసినా రోత రోతే” అని తేల్చేశారు. నా మట్టుకు నాకు, కథను వశీకరణ విద్యమీద నడిపించడం నచ్చలేదు. మంత్రాలకు చింతకాయలు రాల్చిన కథకుడు ఆ మేరకు ఓడినట్టే.

అయినా చీలిక మనకు కొత్తా? కారెంపూడిలో యేటా కార్తీక అమావాస్యనుంచి అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. 12వ శతాబ్దంలో కోడిపందెంతో ముదిరిన పంతం, రాయబారానికి వెళ్లిన అలరాజు చావు, నాగులేటి ఒడ్డున యుద్ధం. బాలచంద్రుడితో సహా వీరులంతా నేల కూలారు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు. యెనిమిది వందల యేళ్లు దాటినా, తప్పు నాగమ్మదా, బ్రహ్మనాయుడిదా అన్న తగవు తెగలేదు. మా తాతయ్య నాయుడి పక్షం, అమ్మమ్మ నాగమ్మ పక్షం. 1966 నాటి పల్నాటి యుద్ధంలో నాగమ్మగా భానుమతి గారిని చూశాక అమ్మమ్మ యింకెవరి మాటా వినలేదట.

ఆ రాత్రి వంటింట్లోంచి అమ్మ యింకొక పేరు తెచ్చింది. “నిద్రపోతున్న కొడుకుల్ని చంపిన అశ్వత్థామను కట్టి తెస్తే ద్రౌపది వదిలిపెట్టమంది. వాడి తల్లి కూడా నాలాగే యేడుస్తుందని. పోతన గారు రాశారు కదరా, నువ్వు పాఠం చెప్పవూ?”

చెబుతాను. యేటా చెబుతాను. పరీక్షలో ఆ ప్రశ్న యిస్తాను కూడా.

యింత గొడవలోనూ మాట్లాడనిది బావ ఒక్కడే. ముప్ఫై యేళ్ల కిందట చేను గట్టు తగాదాలో మా మామయ్యను కొట్టి చంపారు. నాలుగేళ్లకు ఆ కొట్టినవాడు చనిపోయాడు. ఆ కేసులో బావ అన్న జైలుకు పోయి వచ్చాడు. వచ్చిన తరువాత తండ్రి పేరు గాని, గట్టు పేరు గాని అతని నోట యెవరూ వినలేదు. చేను యిప్పటికీ బీడే. చుట్టూ పత్తి, మిరప, మధ్యలో అది. యిదంతా తమ్ముడికి తెలియక కాదు, సినిమా ఉత్సాహంలో మరిచాడు.

సెలవు గడిచి, యార్డు తెరిచేనాడు తెల్లవారుజామున బావ బయలుదేరాడు. కాఫీ తాగుతూ తమ్ముణ్ణి అడిగాడు.

“యేమయ్యా, ఆఖర్న కాల్చుకున్నాడే, ఆ డబ్బున్నవాడు. వాడికి పిల్లలున్నారా?”

“లేరు బావా. యెందుకు?”

“యేం లేదు. వీడి కొడుకు యింటరు చదువుతున్నాడులే, మేం చంపినవాడి మనవడు. నిన్న బస్టాండులో కనపడి, మావాణ్ణి పలకరించాడట.”

గ్లాసు కింద పెట్టి, టిక్కీలు లెక్క చూసుకోవాలంటూ చెప్పులు తొడుక్కున్నాడు.