సొంత మగ్గమువారి కూలిని తినివేయు అపోహలు

ప్రాణహిత ఒడ్డున, సిరొంచ తాలూకాలోని మన తెలుగు పల్లెలలో సొంత మగ్గము, సొంత నూలు, సొంత అమ్మకము అను పద్ధతిలో బ్రతుకు నేతవారు కొద్దిమందియే. సేటు క్రింద కూలికి నేయువానికి సేటే ధర చెప్పును. సొంతముగా నేయువానికి తన సరకు ధర తానే చెప్పుకొను స్వాతంత్ర్యము కలదు. అయినను లెక్క తీసి చూచినప్పుడు, కూలి నేతగానికంటె ఇతనికే తక్కువ మిగులుట తరచు కనబడుచున్నది. దీనికి కారణమేమి?

నూలు ధర, మరమగ్గాల పోటీ, అప్పు అని అందరును చెప్పుదురు. అవి నిజమే. 2019-20లో జరిగిన నాల్గవ అఖిల భారత చేనేత గణన ప్రకారము నేత కుటుంబములలో ఇంచుమించు మూడింట రెండు వంతులవారి ఆదాయము నెలకు 5,000 రూపాయలు దాటలేదు. ఇంత పెద్ద కష్టమునకు నేతగాడొక్కడే కారణమనుట అన్యాయము. అయితే నూలు ధర మన చేతిలో లేదు. మన తలలో పాతుకొనియున్న కొన్ని తప్పు అభిప్రాయములను తీసివేయుట మాత్రము మన చేతిలోనే ఉన్నది. నేను వ్రాయునది వాటిని గురించియే.

అన్నిటికంటె పెద్ద అపోహ, మగ్గము మీద కూర్చున్న దినములే పని దినములనుట. “చీర ఎన్ని దినములకు దిగును?” అని అడిగిన, “రెండు దినాలు” అని వెంటనే జవాబు వచ్చును. ఆ రెండు దినములకు ముందు జరిగినదంతయు ఏమైనట్లు? పడుగు తీసినదెవరు? గంజి పెట్టినదెవరు? పోగుకు పోగు అతికినదెవరు? కండెలు పట్టినదెవరు? ఇంటి ఆడవారు, ముసలివారు, బడినుండి వచ్చిన పిల్లలు. వారి పని పని కాదా?

ఒక లెక్క వేసి చూతము. ఇవి లెక్క కొరకు తీసుకొన్న అంకెలు. మీ మగ్గపు అంకెలు మీరు వేసికొనుడు. 80 నంబరు నూలు చీర, వెడల్పు 48 అంగుళములు, అంగుళమునకు 72 పోగులు. అనగా పడుగులో 3,456 పోగులు. అతుకులలో, కొసలలో పోవునది కలుపుకొని ఒక్కొక్క పోగు 6½ గజములు అనుకొన్న 22,464 గజములగును. చిలపకు 840 గజములు కనుక పడుగుకు సుమారు 27 చిలపలు పట్టును. పేకకు కూడ ఇంచుమించు అంతే. 80 నంబరు నూలు పౌనుకు 80 చిలపలు తూగును కాబట్టి ఈ 54 చిలపలు 300 గ్రాములు పైచిలుకు తూగును. ఈ లెక్క తెలిసినవానిని నూలు కొట్టువాడు తూకములో గాని, నంబరులో గాని మోసగింపజాలడు.

ఇక దినములు. ఒక పడుగులో 6 చీరలు దిగుననుకొందము. పడుగు తయారికి, అతుకుకు ఇద్దరికి 3 దినములు పట్టిన, 6 మనుష్య దినములు, అనగా చీరకొక దినము. కండెలకు అర దినము. నేతకు 2 దినములు. మొత్తము 3½ దినములు. చీర 2,000 రూపాయలకు అమ్మి, నూలుకు, రంగుకు 600 తీసివేసిన 1,400 మిగులును. మన నేతగాడు దీనిని రెండుతో భాగించి “దినానికి ఏడు నూర్లు” అని సంతోషించుచున్నాడు. భాగింపవలసినది 3½తో. వచ్చునది 400 మాత్రమే. మగ్గపు మరమ్మతు, దీపపు ఖర్చు, సంతకు పోయివచ్చిన దినము ఇందులో ఇంకను కలుపలేదు.

ఆడవారి శ్రమను శ్రమగా చూచినందువలననే ఒక గొప్ప పని జరిగినది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి తల్లి పోచంపల్లి చీరలకు ఆసు పోసి పోసి భుజము నొప్పితో బాధపడెడిది. ఒక్క చీరకే వేలమార్లు చేయి త్రిప్పవలసియుండెను. ఆ బాధ చూచి ఆయన ఆసు యంత్రము కనిపెట్టినాడు. 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. తల్లి పనిని “ఇంటి పనే కదా” అని లెక్కలోనికి తీసికొననివాడు ఆ యంత్రము చేసియుండునా?

రెండవ అపోహ, ధర తగ్గించిన గిరాకి పెరిగి మొత్తము మీద లాభము వచ్చుననుట. దుకాణదారుకు అది చెల్లవచ్చును. అతడు ఇంకొక మూట తెప్పించును. మన మగ్గము ఇంకొక మూట కాదు. పై చీరనే 200 తగ్గించి 1,800కు ఇచ్చిన, మిగులు 1,400 నుండి 1,200కు దిగును. ధర తగ్గినది పదవ వంతు, కూలి తగ్గినది ఏడవ వంతు. వెనుక 6 చీరలకు వచ్చిన 8,400 రూపాయలు రావలెనన్న ఇప్పుడు 7 చీరలు నేయవలెను. ఆ ఏడవ చీర ఎవరి నిద్ర మానిపించి నేయవలెను?

కాళేశ్వరము జాతరకు, 2022 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాణహిత పుష్కరముల వంటి సందర్భములకు జనము వచ్చినప్పుడు పక్కవాడు పది తగ్గించినాడని మనము ఇరవై తగ్గించుట మనలో ఉన్న రోగము. కొనువాడు నవ్వుకొని పోవుచున్నాడు.

మరమగ్గపు బట్టతో మన బట్ట వెల పోల్చుకొనుటయు ఇట్టిదే. ఆ వెలకు మనము ఎన్నటికిని దిగజాలము, దిగరాదు. 1985లో చేసిన చేనేత రిజర్వేషను చట్టము 22 రకములతో మొదలై ఇప్పుడు 11 రకములకు పరిమితమైనది. ఆ రకములు కూడ మరమగ్గము మీద దిగి “చేనేత” పేరుతో అమ్ముడగుట మనమందరము ఎరుగుదుము. కావున ఇది చేతి నేత అని కొనువానికి చూపవలెను. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు అందుకొరకే. చీటీ లేని బట్టకు మన నోటి మాట తప్ప సాక్ష్యము లేదు.

బయానా అడుగుట మర్యాద కాదను అపోహ మన సరిహద్దు ప్రాంతములో మరీ గట్టిది. “మామా, పెండ్లికి పది చీరలు కావాలె, పైసల సంగతి తర్వాత చూద్దాం” అనగానే మన మామ నూలుకు అప్పు తెచ్చును. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అన్న ఏడాదికి 36. పెండ్లి అయి, పిల్ల అత్తవారింటికి పోయి, పండుగకు తిరిగి వచ్చినను చీరల పైకము రాదు. ఉద్దెర ఇచ్చినవాడు కొన్నవానికి వడ్డీ లేని అప్పు ఇచ్చినట్లే. నూలు ఖర్చంత బయానా అడిగిన చుట్టరికము చెడునా? దర్జీకి, కంసాలికి బయానా ఇచ్చువారు మనకెందుకు ఇవ్వరు? నేనెరిగినంతలో, అడిగినవారికి చాలవరకు ఇచ్చుచున్నారు.

సంఘములో చేరిన స్వాతంత్ర్యము పోవుననువారు కొందరు. కార్యదర్శి గనుక ఇతడు సంఘమును పొగడుచున్నాడని అనుకొందురేమో! సంఘములన్నియు బాగున్నవని నేననను. లెక్క చూపని సంఘములోనికి పోవద్దనియే చెప్పుదును. కాని మనకు దూరము కాని వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ గారు చేనేత సహకార సంఘములకొరకు ఏండ్ల తరబడి పాటుపడినది నేతగాని స్వాతంత్ర్యము తీసివేయుటకు కాదు. నూలు కలిసి కొని, బట్ట ఎవరిది వారు అమ్ముకొనవచ్చును. 2021-22 నుండి అమలుకు వచ్చిన ముడిసరకు సరఫరా పథకములో చిలప నూలుకు 15 శాతము రాయితీ పెట్టినారు. ఒక్కడు పోయి రెండు కిలోలు అడుగుటకు, పదిమంది కలిసి మూట అడుగుటకు తేడా లేదా?

చివరిది, “మనం మహారాష్ట్రల ఉన్నం, పథకాలన్నీ ఏటి ఆవలనే” అనుమాట. తెలంగాణ ప్రభుత్వము తన నేతవారికి పెట్టిన పొదుపు పథకము మనకు వర్తింపదు, నిజమే. కాని గణనలో పేరున్నవారికి ఇచ్చిన గుర్తింపు కార్డు, 6 శాతము వడ్డీకి నేతవారి ముద్రా ఋణము కేంద్రమువి. వాటికి ఏరు అడ్డము కాదు. కొత్త నమూనాలు నేర్పు వీవర్స్ సర్వీస్ సెంటరు నాగపూరులోనే యున్నది. అసలు అడ్డము భాష. మాట తెలుగు, దరఖాస్తు మరాఠీ. సంతకము పెట్టుమన్న చోట పెట్టి వచ్చుటేగాని, కాగితములో ఏమున్నదో అడుగువారు తక్కువ. మన పిల్లలు మరాఠీ బడులలోనే చదువుచున్నారు గదా, వారిచేత చదివించుకొనుడు.

నూలు తూకము, మనుష్య దినములు, అమ్మిన వెల అను మూడు గళ్ళు గీసిన నోటుపుస్తకములు కార్యాలయములో ఉంచినాము. పిల్లలు అంకెలు మరాఠీలో వ్రాసినను ఫరవాలేదు. దినముల గడిలో కండెలు పట్టిన అర దినమును విడువవద్దు.