కిడ్నీ మీది గడ్డకు హార్మోన్ పరీక్షలు: రోజా ఉండేవాళ్లు కూడా తెలుసుకోవాలి

కడుపునొప్పి అని గణపవరం నుంచి ఏలూరో భీమవరమో వెళ్లి స్కాన్ తీయిస్తే, 'అడ్రినల్ గ్రంథిలో గడ్డ' అని రిపోర్టు వస్తుంది. ఇంటిల్లిపాదికీ క్యాన్సర్ భయం పట్టుకుంటుంది. ఇలా అనుకోకుండా బయటపడే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, హార్మోన్లు కూడా వదలవు. అయితే అది తేల్చాల్సింది పరీక్షలే.

రెండు కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న ఈ గ్రంథులు కార్టిసాల్, ఆల్డోస్టిరాన్, అడ్రినలిన్ తయారుచేస్తాయి. కార్టిసాల్ ఎక్కువైతే షుగరు, బీపీ పెరుగుతాయి. బీపీ ఉన్నవాళ్లకు ఆల్డోస్టిరాన్‌ను, రెనిన్‌ను కలిపి చూస్తారు. అడ్రినలిన్ జాతి హార్మోన్లు వదిలే గడ్డ అన్నిటికన్నా ప్రమాదం. ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు, గుండెదడ వస్తాయి. దాన్ని పట్టుకోకుండా ఆపరేషన్‌కు దిగితే బల్ల మీదే బీపీ ప్రాణం తీసేంత పెరగవచ్చు. అందుకే మెటానెఫ్రిన్ పరీక్ష రాస్తే ఖర్చని మానెయ్యొద్దు.

ఈ పరీక్షకు ఒక్కోసారి 24 గంటల మూత్రం పట్టాలి. పొద్దున మొదటిసారి వచ్చింది పారబోసి, టైము రాసుకుని, మర్నాడు అదే టైముకు వచ్చినదాకా అంతా డబ్బాలో పట్టాలి. ఒక్కసారి మర్చిపోయినా లెక్క తప్పుతుంది. డబ్బాలో ముందే యాసిడ్ పోసి ఇస్తే ఒలకబోయకండి, చేతికి తగలనివ్వకండి.

కార్టిసాల్‌కు రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసి, పొద్దున 8కి రక్తం తీస్తారు. డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటకపోతే మంచిదే. దాటినంత మాత్రాన జబ్బని కాదు, గర్భనిరోధక మాత్రలు వాడినా అంకె పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులకు ఆర్.ఎం.పి. దగ్గర వేయించుకున్న ఇంజెక్షన్లు, పేరులేని పొడులు కూడా డాక్టరుకు చెప్పాలి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఫలితం తారుమారు. సిగ్గుపడి దాచే విషయం కాదిది.

మొదటిసారి అన్నీ నార్మల్ వస్తే, కొత్త లక్షణాలు కనిపిస్తే తప్ప హార్మోన్ పరీక్షలు మళ్లీ మళ్లీ అక్కర్లేదు. అడ్రినలిన్ గడ్డ తీయించుకున్నవాళ్లు మాత్రం ఏటా, కనీసం పదేళ్లు చూపించుకోవాలి.

ఇక రంజాన్ సంగతి. కార్టిసాల్ గడ్డ తీసేశాక మిగిలిన గ్రంథి కొన్ని నెలలు నిద్రలోనే ఉంటుంది. అందాకా హైడ్రోకార్టిసోన్ మాత్రలే ఆధారం, అవి రోజుకు రెండుమూడుసార్లు పడాలి. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా ఆపేస్తే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం జరగవచ్చు. రోగి ఆ రోజాలను తర్వాతి రోజుల్లో పూర్తిచేసుకోవచ్చని ఖుర్ఆన్ బఖరా సూరా 184, 185 ఆయతుల్లో ఉంది. నెల ముందే డాక్టరును అడగండి. రోజాలో ఉండగా కళ్లు తిరిగినా, వాంతి అయినా వెంటనే విరమించి, మాత్ర వేసుకుని, ఆసుపత్రికి బయల్దేరండి. మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షనే ఇవ్వాలి.