ల్యాప్‌టాప్ నిద్రలో ఉండగా పెన్‌డ్రైవ్ ఊరెళ్లొస్తే?

రాత్రి పెన్‌డ్రైవ్‌లోని ప్రాజెక్ట్ రిపోర్ట్ ఓపెన్ చేసి ఉండగానే ల్యాప్‌టాప్‌ని హైబర్నేట్ చేశారనుకుందాం. పొద్దున్నే పెన్‌డ్రైవ్ పీక్కుని జిరాక్స్ షాపుకెళ్లారు. అక్కడి సిస్టంలో మీ ఫ్రెండ్ రెండు ఫైళ్లు డిలీట్ చేసి, ఓ సినిమా ఎక్కించాడు. తిరిగొచ్చి పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేశారు. దాని లెక్కలో మాత్రం ఇంకా రాత్రే!

హైబర్నేషన్ అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి, పవర్ పూర్తిగా ఆపేయడం. విండోస్ దాన్ని సీ డ్రైవ్‌లో ఒక దాచిన ఫైల్‌లో రాస్తుంది, లైనక్స్ స్వాప్‌లో రాస్తుంది. లేచాక అదే మళ్లీ ర్యామ్‌లోకి వస్తుంది. అందులో మీరు తెరిచిన విండోలే కాదు, పెన్‌డ్రైవ్ గురించి కెర్నల్‌ గుర్తుపెట్టుకున్నవీ ఉంటాయి: ఏ ఫైల్ ఎక్కడుంది, ఏ క్లస్టర్లు ఖాళీ అని.

వార్డెన్ రూమ్‌ల రిజిస్టర్ జిరాక్స్ తీసుకుని సెలవుల్లో ఊరెళ్లాడు. ఈలోగా 214లో ఎవరో చేరారు. తిరిగొచ్చి, పాత కాపీ చూసి, అదే రూమ్ ఇంకొకరికి రాసిచ్చాడు. హాస్టల్లో అయితే గొడవవుతుంది, విషయం తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో గొడవేమీ ఉండదు. కొత్త సినిమా మీద మీ రిపోర్ట్ సైలెంట్‌గా రాసుకుపోతుంది.

పీకినప్పుడే డేటా పోతుందని చాలామంది భయం. లైనక్స్ అయితే హైబర్నేట్ అయ్యే ముందే రాయాల్సినవన్నీ డిస్క్‌కి రాసేస్తుంది. అసలు ప్రమాదం తిరిగి పెట్టినప్పుడు.

మరి ఆపరేటింగ్ సిస్టం ఏం చెయ్యాలి? యూఎస్‌బీ రూల్ ప్రకారం పవర్ పోతే పరికరాన్ని పీకేసినట్టే లెక్క. లేచాక ప్రతి పెన్‌డ్రైవ్‌నీ కొత్తదిగా చూడటమే సేఫ్. కానీ సిస్టమే యూఎస్‌బీ డిస్క్ మీంచి నడుస్తుంటే? తన కాళ్ల కింది నేలే పోయినట్టు! అందుకే లైనక్స్‌లో యూఎస్‌బీ పెర్సిస్ట్ అని ఒక ఏర్పాటుంది. లేవగానే తయారీదారు నంబర్, ప్రొడక్ట్ నంబర్, సీరియల్ నంబర్ లాంటివి పోల్చి, కలిస్తే "పాతదే" అని నమ్మేస్తుంది. చూసేది పరికరాన్ని మాత్రమే, లోపలున్నదాన్ని కాదు. కార్డ్ రీడర్ అలాగే ఉంచి లోపల కార్డ్ మారిస్తే మోసపోతుంది. ఇది ప్రమాదకరం కావచ్చని కెర్నల్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది.

డ్యూయల్ బూట్ వాళ్లకి ఇదే కథ ఇంకో రూపంలో ఎదురవుతుంది. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ నొక్కినా కెర్నల్ హైబర్నేట్ మాత్రమే అవుతుంది. తర్వాత లైనక్స్‌లోకి వెళ్లి విండోస్ పార్టిషన్ తెరిస్తే, చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. "లైనక్స్ పాడైంది" అని తిట్టుకుంటాం గానీ, పాపం అది కాపాడుతోంది.

హైబర్నేట్‌కి ముందు ఎజెక్ట్ చేస్తే ఆ పాత రిజిస్టర్ కాపీ ర్యామ్‌లోంచే పోతుంది. విండోస్‌ని నిజంగా షట్ డౌన్ చేయాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కండి. రీస్టార్ట్ ఎలాగూ పూర్తిగానే ఆపి లేపుతుంది.