టీకాలు వేయించని బిడ్డకూ ఫ్యామిలీ డాక్టర్ వైద్యం అందుతుంది

బిడ్డకు జ్వరం. కానీ టీకాల కార్డు ఖాళీగా ఉంది, ఆస్పత్రికి తీసుకెళ్తే తిడతారేమో అని కొందరు తల్లులు వెనకాడుతుంటారు. ఆ భయం వద్దు. టీకాలు వేయించలేదని ఫ్యామిలీ డాక్టర్ వైద్యం ఆపే నిబంధన ఏదీ లేదు. ముందు వైద్యం, ఆ తర్వాతే టీకాల మాట.

డాక్టరు ఎక్కడ, ఎప్పుడు దొరుకుతారు?
2023 ఏప్రిల్ 6న ఆంధ్రప్రదేశ్ అంతటా ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. ఈ విధానంలో పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో మీ ఊరి విలేజ్ క్లినిక్‌కు వస్తారు. ఏ తేదీన వస్తారో ఆశా కార్యకర్తను అడగండి. మిగతా రోజుల్లో క్లినిక్‌లోని సీహెచ్‌ఓ, ఏఎన్‌ఎం చూస్తారు. చూసినందుకు, మందులకు డబ్బు కట్టక్కర్లేదు.

డాక్టరుకు ఏం చెప్పాలి?
ఏ టీకాలు పడలేదో దాచకుండా చెప్పండి. ఒంటిమీద దద్దుర్లతో జ్వరం వస్తే తట్టు కావచ్చు. గొంతులో తెల్లటి పొర కడితే డిఫ్తీరియా కావచ్చు. ఆగకుండా దగ్గుతుంటే కోరింత దగ్గు కావచ్చు. టీకాలు పడలేదని తెలిస్తే డాక్టరు వీటిని త్వరగా అనుమానించి పరీక్షిస్తారు. దాస్తే నష్టం బిడ్డకే.

ఆలస్యమైంది, ఇప్పుడు వేస్తారా?
చాలావరకు వేస్తారు. ఆగిపోయిన టీకాలను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు, ఆగిన చోట నుంచే కొనసాగిస్తారు.

• బీసీజీ: ఏడాది లోపు
• రోటా చుక్కలు: మొదటి డోసు ఏడాది లోపు పడాలి
• పోలియో చుక్కలు, తట్టు-రుబెల్లా టీకా: ఐదేళ్ల వరకు
• డీపీటీ: ఏడేళ్ల వరకు

అందుకే "పెద్దవాడైపోయాడు, ఇంకేం వేస్తారులే" అనుకోకండి. బిడ్డ వయసు చెప్పి ఏఎన్‌ఎంను అడగండి. మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం ఉన్నా సాధారణంగా టీకా వేయించవచ్చు. వేయించాక అరగంట అక్కడే ఉండండి.

కార్డు పోయిందా? వలస వచ్చారా?
కార్డు పోతే ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో వివరాలు చూస్తారు. పనుల కోసం వేరే ఊరు వెళ్లినా, అక్కడి క్లినిక్‌లోనే వేయించుకోవచ్చు. కొత్తగా ఇచ్చే కార్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

డాక్టరు వచ్చే రోజు దాకా ఆగకూడనివి
బిడ్డ పాలు తాగలేకపోయినా, ఎగఊపిరి పీలుస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా వెంటనే 108కు ఫోన్ చేయండి. సలహా కోసం అయితే 104. రెండూ ఉచితమే.

ఖాళీ కార్డు ఉన్నా సరే, బిడ్డను తీసుకురండి. ఆ కార్డును అక్కడే నింపడం మొదలుపెట్టవచ్చు.