మన ట్రాక్టర్‌కి మన మట్టి: నంద్యాల రేగడితో, ఆళ్లగడ్డ రాతిపొడితో వెదరింగ్

వెదరింగ్ మీద ఎపిసోడ్ కావాలని కామెంట్స్‌లో చాలా రోజులుగా అడుగుతున్నారు. ఈరోజు అదే చేద్దాం.

మెరిసే కొత్త బొమ్మ బండిని ఎండకి ఎండి, వానకి తడిసి, పని చేసి వచ్చినట్టు కనిపించేలా చేయడమే వెదరింగ్. దీని మీద దొరికే వీడియోల్లో చాలావరకు యూరప్ యుద్ధ ట్యాంకులే ఉంటాయి. ఈ హాబీకి పెద్ద ఊపొచ్చింది కూడా అలాగే. 1970ల్లో అమెరికాలో మోనోగ్రామ్ కంపెనీ తన కిట్ల డబ్బాల్లో షెప్ పెయిన్ అనే ఆయన డయోరమా టిప్స్ కాగితాలు పెట్టి ఇచ్చేది. అవి చూసి చాలామంది నేర్చుకున్నారు. టెక్నిక్స్ మనకీ పనికొస్తాయి. కానీ అక్కడి గోధుమరంగు బురద తెచ్చి మన ట్రాక్టర్‌కి పూస్తే, అది నంద్యాల చుట్టుపక్కల తిరిగిన బండిలా ఉండదు.

టేబుల్ మీద ఉన్నది 1:24 స్కేల్ ట్రాక్టర్. వెనక కల్టివేటర్, పక్కన ట్రాలీ. మా నాయన పదిహేడేళ్లు నడిపి రెండేళ్ల కింద అమ్మేసిన బండికి ఇది కాపీ. ఆ బండివి మా ఇంట్లో ఉన్న ఫోటోలు రెండే. రెండూ దసరా రోజువి, కడిగి దండలేసి తీసినవి. అంటే బండి ఆకారం ఫోటోలో ఉంది, మురికి మాత్రం ఆయన గుర్తుల్లోనే ఉంది. అందుకే బ్రష్ పట్టుకునే ముందు ఆయన్ని కూర్చోబెట్టి అడిగా: "నాయనా, కల్టివేటర్ కర్రులు ఏ రంగులో ఉండేవి?"

"రంగేంది రా, అద్దం మాదిరి మెరిసేటివి," అన్నాడు.

ఇది చాలా ముఖ్యం. పాత బండి అనగానే మనం అంతటా తుప్పు పూసేస్తాం. పనిలో ఉన్న ఇనుముకి తుప్పు నిలవదు, మట్టే దాన్ని రోజూ రుద్దేస్తుంది. కర్రుల కొనలు, దమ్ము చక్రాల అంచులు, ట్రాలీ లోపల ఇసుక, ఇటుకలు గీకే ఫ్లోర్, కాలు పెట్టి ఎక్కే మెట్టు – ఇవన్నీ మెరవాలి. ఒక పెన్సిల్ లెడ్ పొడి చేసి వేలితో రుద్దితే చాలు, ఆ ఇనుప మెరుపు వచ్చేస్తుంది. తుప్పు ఎక్కడంటే, చేయి తగలని చోట, నీళ్లు నిలిచే చోట. మడ్‌గార్డ్ మడత, ట్రాలీ మూలలు, బోల్టుల చుట్టూ. సైలెన్సర్ లెక్క వేరు. వేడికి పెయింట్ కాలిపోతుంది కాబట్టి పెచ్చులు వేయకండి, మొత్తం సన్నటి గోధుమ తుప్పే వేయండి.

ప్రోగ్రామింగ్ చేసినవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. ఎర్రర్ ఊరికే రాదు, లాగ్‌లో కారణం ఉంటుంది. మరక కూడా అంతే. డీజిల్ ట్యాంక్ మూత కింద నల్లగా, జిడ్డుగా ఒక చార ఉంటుంది. ఎందుకంటే, పోసేటప్పుడు ఒలికిన డీజిల్‌కి దుమ్ము అంటుకుంటుంది.

పెయింట్ ఊడినట్టు చూపించడానికి హెయిర్‌స్ప్రే పద్ధతి వాడదాం. ముందు తుప్పు రంగు వేయండి, ఆరాక హెయిర్‌స్ప్రే రెండు కోట్లు కొట్టండి. అదీ ఆరాక పైన ఎర్ర రంగు. ఒక అరగంట తర్వాత గోరువెచ్చని నీళ్లతో తడిపి గట్టి బ్రష్‌తో రుద్దితే, కింద హెయిర్‌స్ప్రే కరిగి పైరంగు పెచ్చులుగా లేస్తుంది. పైన వేసేది నీళ్లలో కలిపే అక్రిలిక్ అయి ఉండాలి. హార్డ్‌వేర్ షాప్ స్ప్రే డబ్బా ఎనామెల్ వేస్తే ఎంత రుద్దినా లేవదు. ఇంకోటి, లెక్క చూసుకోండి. 1:24లో 2 మిల్లీమీటర్ల పెచ్చు అంటే అసలు బండి మీద దాదాపు 5 సెంటీమీటర్లు. అలాంటివి ఇరవై ఉంటే బండికి యాక్సిడెంట్ అయిందనుకుంటారు.

ఇక మట్టి. కుందూ పక్క పొలాల నల్లరేగడి తడిగా ఉంటే నల్లగా, ఎండితే బూడిద రంగులో ఉంటుంది. కొండల వైపు పోతే ఎర్రనేల. కాబట్టి ఒకే బండి మీద రెండు రంగులూ ఉండొచ్చు. కానీ పైది కొత్తది, కిందది పాతది. మీ కథలో బండి చివరిసారి ఎక్కడ నుంచి వచ్చిందో ముందే తేల్చుకోండి. రేగడి టైరు గాడుల్లో ముద్దలుగా ఇరుక్కుంటుంది. ఎర్రమట్టి అయితే సన్న దుమ్ముగా బానెట్ దాకా పట్టేస్తుంది.

బేస్ కోసం నేను నిజం రేగడే వాడతా. పాత పెనంలో వేడిచేసి, దంచి, పాత చున్నీ గుడ్డలో జల్లించి, ఉత్త నీళ్లతో కలిపి 2, 3 మిల్లీమీటర్ల పొరగా పరిచి ఎండబెట్టాలి. అదే పగుళ్లిస్తుంది, మన చేను ఎండాకాలం పగిలినట్టే. పొర పల్చగా ఉంటే పగుళ్లు దగ్గరదగ్గరగా, మందంగా ఉంటే దూరంగా వస్తాయి. స్కేల్‌కి తగ్గట్టు పగుళ్లు రావాలంటే పల్చటి పొరే కరెక్ట్. తర్వాత నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కలు వేస్తే గట్టిపడుతుంది. రంగు కొంచెం ముదురుతుంది, కంగారు పడకండి.

రోడ్డు దుమ్ముకి ఆళ్లగడ్డ బెస్ట్. శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర మెషిన్ కింద పడే రాతిపొడి, అడిగితే ఇచ్చేస్తారు. వాళ్లకి అది చెత్త, మనకి బూడిద రంగు పిగ్మెంట్. జల్లించేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఇంటి బయటే జల్లించండి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. రోజంతా ఆ దుమ్ములోనే ఉండే శిల్పులకి అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఒక్క బండి బొమ్మ కోసం మనం రిస్క్ తీసుకోవద్దు.

ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో అద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క అంచున తాకిస్తే పాకి పట్టేస్తుంది. దీని మీద మళ్లీ వార్నిష్ కొట్టకండి, దుమ్మంతా మాయమవుతుంది. అందుకే పెయింట్, వార్నిష్, ఆయిల్ మరకలు అన్నీ అయ్యాక చివర్లో దుమ్ము.

చివరి డీటెయిల్ నేను అడక్కుండానే నాయనే చెప్పాడు: రేడియేటర్ పైన పసుపు, కుంకుమ బొట్టు. ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోలేదంట. 1:24లో అది మిల్లీమీటర్ చుక్క. టూత్‌పిక్ కొనతో పసుపు రంగు పెట్టి, మధ్యలో ఎరుపు, ఆరకముందే తడి వేలితో ఒకసారి తుడిచేయండి. మిగిలిన మసకే కావాల్సింది.

వచ్చే ఎపిసోడ్‌లో ట్రాలీలో వరిగడ్డి లోడ్ చేద్దాం. చీపురు పుల్లలు దాచిపెట్టుకోండి.