విద్యాస్వాతంత్ర్యము – దాని యెల్లలు : చెరియన్ జార్జి ఉదంతము

విశ్వవిద్యాలయములలో పనిచేయువారికి 'విద్యాస్వాతంత్ర్యము' అను మాట సుపరిచితమైనది. కాని సుపరిచితములైన మాటలే తరచుగా అస్పష్టార్థములై యుండును. కొందరు దీనిని వాక్స్వాతంత్ర్యమునకు పర్యాయపదముగా వాడుదురు. మరికొందరు ఉద్యోగభద్రతకు మారుపేరుగా భావింతురు. ఈ రెండర్థములును సమగ్రములు కావు. వాక్స్వాతంత్ర్యము పౌరులందరికిని సమానము. విద్యాస్వాతంత్ర్యము ఒక వృత్తివారికి, వారు చేయవలసిన పనినిబట్టి, సంక్రమించిన హక్కు. ఉద్యోగభద్రత ఆ హక్కునకు కవచమే కాని హక్కు కాదు. కవచము నిచ్చువా రెవరు, ఏ విధముగా నిత్తురు, ఎప్పుడు నిరాకరింతురు అను ప్రశ్నలలోనే ఈ స్వాతంత్ర్యపు ఎల్లలు తేటపడును.

ఈ విషయమును వివరించుటకు మేము గైకొన్న ఉదాహరణము సింగపూరునకు చెందినది. పత్రికారచయితగా జీవితము నారంభించి, పత్రికలను గూర్చి పరిశోధించు పండితుడుగా పరిణమించిన చెరియన్ జార్జికి 2013లో నన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయమున స్థిరనియామకము నిరాకరింపబడినది. ఇది ఒక వ్యక్తికి సంబంధించిన ఉదంతమే యైనను ఇందొక విశేషము కలదు. నిర్బంధము హెచ్చుగా కంటబడకుండ ఎట్లు పనిచేయునో పరిశోధించి చూపిన రచయిత జీవితముననే ఆ పరిశోధనకు పరీక్ష తటస్థించినది.

1. భావము – పూర్వచరిత్ర

పందొమ్మిదవ శతాబ్దమున జర్మను విశ్వవిద్యాలయములు బోధించు స్వేచ్ఛ, అభ్యసించు స్వేచ్ఛ అను రెండు సూత్రములను పాటించెను. అచట చదివి వచ్చిన అమెరికా పండితులు ఆ భావమును తమ దేశమునకు కొనిపోయిరి. అచటి విశ్వవిద్యాలయములు ధనికుల దానములపై నిలిచినవగుటచే సంఘర్షణ అనివార్యమైనది. 1900లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ రాస్ అను అర్థశాస్త్రాచార్యుడు, సంస్థాపకుని భార్యయగు జేన్ స్టాన్‌ఫర్డ్ ఆగ్రహమునకు గురియై పదవి విడువవలసివచ్చెను. దానిని నిరసించి మరికొందరు ఆచార్యులు రాజీనామా లిచ్చిరి. వారిలో నొకడైన ఆర్థర్ లవ్‌జాయ్, జాన్ డ్యూయీతో కలిసి 1915లో అమెరికా విశ్వవిద్యాలయాచార్యుల సంఘమును స్థాపించెను. ఆ సంఘము 1940లో కళాశాలల సంఘముతో కలిసి చేసిన ప్రకటన మనకు ముఖ్యము. పరీక్షాకాలము ఏడేండ్లకు మించరాదనియు, తరువాత తగిన కారణము చూపక ఆచార్యుని తొలగింపరాదనియు అందు నిర్దేశింపబడినది. 'టెన్యూర్' అని నేడు లోకమంతట వ్యవహరింపబడు స్థిరనియామకమునకు ఇది మూలాధారము.

ఇచట గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. రాస్ అభిప్రాయము లన్నియు శ్లాఘనీయములు కావు. ఆసియా దేశములనుండి వచ్చు కూలీల విషయమున ఆయన పలికిన పలుకులు జాతివిద్వేషపూరితములు. అయినను ఆయన తొలగింపు అన్యాయమని సహచరులు తలచిరి. అభిప్రాయము మంచిదగుటచే రక్షణ కలుగుట కాదు. దాని మంచిచెడ్డలను నిర్ణయించు అధికారము దాతకు గాని ప్రభువునకు గాని కాక, విషయము నెరిగిన సమానవిద్వాంసులకే ఉండవలె ననుట ఈ సిద్ధాంతసారము. ఆ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయముననే ఒక శతాబ్దము గడచిన పిదప చెరియన్ జార్జి డాక్టరేటు పట్టమును పొందెను.

2. పత్రికారచన నుండి పరిశోధనకు

జార్జి సింగపూరు వాసి. కేంబ్రిడ్జిలో సామాజిక, రాజకీయ శాస్త్రములను, కొలంబియా విశ్వవిద్యాలయమున పత్రికారచనను అభ్యసించెను. 1990 తరువాతి దశాబ్దమున 'ది స్ట్రెయిట్స్ టైమ్స్' పత్రికలో పనిచేసెను. 1845లో వెలసిన ఆ పత్రిక సింగపూరున ప్రధానమైన ఆంగ్లదినపత్రిక. 2000లో ఈయన ప్రకటించిన వ్యాససంపుటము తన దేశమును 'ఎయిర్ కండిషన్డ్' రాజ్యముగా వర్ణించినది. లోపల నున్నవారికి హాయి, మీట మాత్రము ఒక్కచోట – ఇది ఆ ఉపమానమందలి భావము. సుఖమును, కేంద్రీకృతాధికారమును వేరువేరుగా గాక ఒకే యంత్రపు రెండు ఫలములుగా చూచుట ఈయన దృష్టిలోని విశేషము.

పిదప స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన ముగించి, 2004లో నన్యాంగ్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా చేరెను. మలేషియా, సింగపూరు దేశములలో అంతర్జాలమున వెలసిన ప్రతిపక్ష పత్రికారచనపై 2006లో ఒక గ్రంథమును, సింగపూరు పత్రికలకును రాజ్యాధికారమునకును గల సంబంధముపై 2012లో వేరొక గ్రంథమును వెలువరించెను.

పత్రికారచయిత పండితుడైనపుడు అతని కొక ప్రత్యేకమైన బలము, ఒక ప్రత్యేకమైన అపాయము కలుగును. వార్త ఎట్లు పుట్టునో, ఏది ఎచట ఆగిపోవునో అతడు స్వయముగా చూచినవాడు. గ్రంథాలయమున దొరకని సాక్ష్య మది. కాని అతడు పండితులకే గాక సామాన్యపాఠకులకును వ్రాయును. ఒకే వాక్యము పరిశోధనపత్రిక యందున్నచో శాస్త్రమనియు, దినపత్రిక యందున్నచో రాజకీయమనియు అనిపించుకొనును. దూరదేశపు రాజకీయములను పరిశీలించువానికి ఈ చిక్కు లేదు. తాను జీతము పుచ్చుకొను దేశమునే పరిశోధనవిషయముగా స్వీకరించినవానికే ఇది కలుగును.

3. తూచి ప్రయోగించు నిర్బంధము

జార్జి సిద్ధాంతములలో పేరెన్నికగన్నది నిర్బంధమును గూర్చినది. ఆయన వాడిన ఆంగ్లపదమును మేము 'తూచి ప్రయోగించు నిర్బంధము' అని తెలిగించుచున్నాము. దీనిని గ్రహించుటకు సింగపూరు పత్రికాచరిత్రను కొంత తెలిసికొనవలెను.

1971లో అచటి ప్రభుత్వము 'నన్యాంగ్ సియాంగ్ పౌ' అను చీనాభాషాపత్రిక అధికారులను విచారణ లేకయే నిర్బంధించెను. ఆ యేటనే 'ఈస్టర్న్ సన్', 'సింగపూర్ హెరాల్డ్' అను పత్రికలు మూతపడెను. ఇది ప్రత్యక్షనిర్బంధము. కాని 1974 నాటి పత్రికా, ముద్రణాలయ చట్టము వేరొక మార్గము త్రొక్కినది. దీని ప్రకారము పత్రికాసంస్థలలో సాధారణభాగములు, నిర్వాహకభాగములు అని రెండు తరగతు లుండును. ప్రభుత్వాంగీకారము పొందినవారే రెండవ తరగతి భాగములను కలిగియుండగలరు. అధికారుల నియామకము, తొలగింపు విషయములలో సాధారణభాగమునకు ఒక్క వోటు కాగా, నిర్వాహకభాగమునకు 200 వోట్లు. సంపాదకుని చెరసాలకు పంపుటకంటె, ఎట్టివాడు సంపాదకుడు కావలెనో ముందుగనే నిర్ణయించుట సులభము.

విదేశపత్రికల విషయమునను ఇట్టి నేర్పే కానవచ్చును. 1986 నాటి సవరణము ఆ పత్రికలను నిషేధింపక, వాని ప్రతుల సంఖ్యను తగ్గించు అధికారమును ప్రభుత్వమున కొసగినది. 1987లో 'ఏషియన్ వాల్ స్ట్రీట్ జర్నల్' ప్రతులను 5,000 నుండి 400కు కుదించిరి. చదువదలచినవానికి గ్రంథాలయమున దొరకును. యజమానికి మాత్రము ప్రకటనల రాబడి పోవును. శిక్ష పాఠకునికి గాక వ్యాపారమునకు తగులునట్లు తూచబడినది.

జార్జి వాదము సంగ్రహముగా ఇది: బలము నతిగా ప్రయోగించు ప్రభుత్వము ప్రజల యాదరమును కోల్పోవును, బాధితులను వీరులుగా చేయును. కావున దీర్ఘకాలము మనదలచిన అధికారము బలప్రయోగమున మితమును పాటించి, కావలసిన ఫలమునకు సరిపోవునంత మాత్రమే ప్రయోగించును. కనబడు హింస తగ్గుటచే స్వేచ్ఛ పెరిగినదని భ్రమపడరాదు. పనిముట్టు మెరుగుపడెనని మాత్రమే గ్రహింపవలెను.

4. 2013 నాటి నిర్ణయము

ఈ ఉదంతమున నిశ్చితాంశములను, పక్షముల వాదములను, ఊహలను వేరుచేసి చూపుట పరిశోధకధర్మము.

నిశ్చితాంశములు ఇవి. 2009లో జార్జికి అసోసియేట్ ప్రొఫెసరుగా పదోన్నతి లభించినది గాని స్థిరనియామకము లభింపలేదు. 2013లో రెండవమారు నిరాకరింపబడినది. ఆయన చేసికొన్న విన్నపము సయితము త్రోసివేయబడినది. విద్యార్థులు ఆయన పక్షమున విజ్ఞాపనపత్రము సమర్పించిరి. విదేశములందలి ఆచార్యులు బహిరంగముగా ఆశ్చర్యమును వెలిబుచ్చిరి. 2014లో ఆయన హాంకాంగ్ బాప్టిస్ట్ విశ్వవిద్యాలయమున చేరెను.

విశ్వవిద్యాలయపు వాదము: స్థిరనియామకనిర్ణయము కేవలము సమానవిద్వాంసులు చేయు విద్యావిషయకపరీక్ష, అందు బోధన, పాండిత్యము తప్ప అన్యము పరిగణింపబడదు. జార్జి వాదము: 2009లో తనకు చెప్పబడిన కారణము పాండిత్యలోపము కాదు, సంస్థ ప్రతిష్ఠకు తనవలన అపాయము కలుగునేమో యను శంక. ఈ మాటను ఆయన కొన్ని యేండ్ల తరువాత బహిరంగపరచెను.

ప్రభుత్వము ఆజ్ఞాపించెను అనుట ఊహ. అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. 2012లో గ్రంథము వెలువడుట, 2013లో నిరాకరణము కలుగుట ఒకదాని వెనుక నొకటి జరిగినవే. కాని పౌర్వాపర్యము కార్యకారణసంబంధమునకు చాలిన ప్రమాణము కాదు. ఇంతియ గాక, యోగ్యుల కనేకులకు అనేకదేశములలో స్థిరనియామకము లభింపక పోయినది. నిరాకరించు అధికారము సమానవిద్వాంసుల కుండుట సయితము విద్యాస్వాతంత్ర్యమున భాగమే. కావున ప్రతి నిరాకరణమును స్వాతంత్ర్యభంగముగా నెంచరాదు.

5. సిద్ధాంతము – ఉదంతము

అయినచో ఈ ఉదంతము మనకు నేర్పున దేమి? మా యభిప్రాయమున ముఖ్యాంశము రహస్యమునకు సంబంధించినది.

పత్రికాకార్యాలయమున ఒత్తిడి వచ్చినపుడు సంపాదకుని కా సంగతి తెలియును. సింగపూరున మాటాడదగిన విషయముల హద్దును గోల్ఫ్ క్రీడ నుండి తీసికొన్న పేరుతో 'ఓ.బి. మార్కర్లు' అని వ్యవహరింతురు. 'ది స్ట్రెయిట్స్ టైమ్స్' పూర్వసంపాదకుడు చియాంగ్ యిప్ సెంగ్ 2012లో ప్రకటించిన స్వీయచరిత్రకు ఆ పేరే పెట్టెను. హద్దులు వ్రాయబడకున్నను వానికొక పేరున్నది, వానిని గూర్చి చెప్పగల సాక్షి యున్నాడు. విశ్వవిద్యాలయమున అట్లు కాదు. బాహ్యపరీక్షకుల యభిప్రాయములు రహస్యములు, సమితి చర్చలు రహస్యములు, కారణములు రహస్యములు. ఈ రహస్యము సదుద్దేశముతో ఏర్పడినదే. పరీక్షకుడు మొగమోటము లేక నిజము చెప్పుటకై కల్పింపబడినది. కాని ఏ తెర పరీక్షకుని రక్షించునో ఆ తెరయే, బయటి జోక్యమున్నచో, దానినికూడ కప్పివేయును. జోక్యము లేనిచో సంస్థ తన నిర్దోషిత్వమును చూపలేకపోవును. కవచము నిచ్చుటకు ఏర్పడిన పద్ధతియే అడ్డుగోడగా మారుటకు ఇంతకంటె వేరు సాధనము అక్కరలేదు.

ఫలమును గమనించినచో జార్జి సిద్ధాంతము ఇచట ఎంతవరకు వర్తించునో తెలియును. 2013లో ఆయనను ఎవరును నిర్బంధింపలేదు. ఆయన గ్రంథములు నిషేధింపబడలేదు. నిర్ణయము నెవరు, ఏ యుద్దేశముతో చేసినను, చూచుచున్న యువాధ్యాపకునకు అందు పాఠమొకటి దొరకును: దేశచరిత్రలో సుదూరకాలమును గాని, దేశాంతరవిషయమును గాని పరిశోధించుట క్షేమము. అట్లు వ్రాయబడని గ్రంథములకు పట్టిక లేదు. నిషిద్ధగ్రంథముల జాబితాను తయారుచేయవచ్చును గాని, ఎత్తుకొనకయే విడిచిన పరిశోధనవిషయముల జాబితాను ఎవరును తయారుచేయలేరు. విద్యాస్వాతంత్ర్యమునకు కలుగు గొప్పనష్టము ఇదియే.

సింగపూరు విద్యాలయములను గూర్చిన శంక ఈ యొక్క ఉదంతముతో పుట్టినది కాదు. 2005లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయము అచట శాఖ నెలకొల్పు ఆలోచనను విరమించుకొన్నపుడు ఈ ప్రశ్నయే ముఖ్యముగా చర్చింపబడినది. 2019లో యేల్-ఎన్.యు.ఎస్. కళాశాల అసమ్మతిని గూర్చిన ఒక పాఠ్యకార్యక్రమమును ప్రారంభమునకు ముందే రద్దుచేసెను.

6. ఉపసంహారము

జార్జి హాంకాంగ్ చేరిన పిదప ఆయన రచన కుంటుపడలేదు. మతవిద్వేషము రాజకీయసాధనముగా ఎట్లు తయారుచేయబడునో భారతదేశము, ఇండొనీసియా, అమెరికా దేశముల యుదాహరణములతో 2016లో ఒక గ్రంథము రచించెను. వ్యంగ్యచిత్రములపై అధికారుల యదుపును గూర్చి చిత్రకారుడు సానీ లియూతో కలిసి 2021లో వెలువరించిన గ్రంథమును, అందలి కొన్ని చిత్రములు మతమును కించపరచునవి యను కారణమున, సింగపూరు ప్రభుత్వము తన దేశమున నిషేధించెను. ఆశ్రయమిచ్చిన హాంకాంగ్‌లోను పరిస్థితి మారినది. 2020లో జాతీయభద్రతాచట్టము అమలులోనికి వచ్చెను; ఆ యేటనే హాంకాంగ్ విశ్వవిద్యాలయము బెన్నీ టాయ్ అను న్యాయశాస్త్రాచార్యుని తొలగించెను. స్థానము మారినంతమాత్రమున స్వాతంత్ర్యము శాశ్వతము కాదనుటకు ఇది నిదర్శనము.

ఇంతవరకు చెప్పినదానినుండి మేము చేయు నిర్ణయ మిది. విద్యాస్వాతంత్ర్యపు ఎల్లలు చట్టమునందు మాత్రమే వెదకదగినవి కావు. నియామకసమితుల యాచారములయందు వెదకవలెను. పరీక్షకుల పేర్లను గోప్యముగా నుంచుట న్యాయమే. కాని నిరాకరణకారణమును అభ్యర్థికి వ్రాతమూలకముగా తెలుపకుండుట న్యాయము కాదు. కారణము వ్రాతలో నున్నచో సమానవిద్వాంసులు దానిని పరీక్షింపగలరు. పాండిత్యలోపమే కారణమైనచో అది నిలుచును, కానిచో బయటపడును. పరిశోధకుని ప్రతివాక్యమునకును ఆధారము చూపుమని కోరు సంస్థ, అతనిని గూర్చి తాను చేసిన నిర్ణయమునకును ఆధారమును చూపుట ధర్మము.