మోటారు సైకిలు దొంగిలింపబడి బీమా సొమ్ము తగ్గించినచో

రామగుండము బొగ్గుగనుల ప్రాంతమున షిఫ్టు మారు వేళ రహదారి ప్రక్క నిలిచి చూచినవారికి, గనికి పోవువారిలోను గనినుండి తిరిగి వచ్చువారిలోను కాలినడకన సాగువారు బహుకొద్దిమందియే కనిపింతురు. గోదావరిఖనిలో సింగరేణి కంపెనీ క్వార్టర్లయందు నివసించు కార్మికులు కొందరు కాగా, కమాన్‌పూర్, రామగిరి, మంథని, అంతర్గాం మండలముల గ్రామములనుండి దినదినము వచ్చిపోవువారు మరికొందరు. రాత్రి షిఫ్టుకు బస్సు వేళలు కలిసిరావు. కావున ఈ ప్రాంతమున మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. తట్టయు గడ్డపారయు ఎట్టివో అదియు అట్టి పనిముట్టే. కాంట్రాక్టు కూలికి పోవు యువకునకు బండి పోయిన నాటినుండి కూలియు పోవును. బండికై తెచ్చిన అప్పు వాయిదాలు మాత్రము ఆగవు.

అట్టి బండి దొంగిలింపబడి, బీమా కంపెనీ ఇచ్చెదమన్న సొమ్ము పాలసీలో వ్రాసిన దానికంటె తక్కువగా ఉన్నప్పుడు, కాగితము చదివిపెట్టుమని గ్రామస్థుడు ముందుగా వచ్చునది పంచాయతీ సభ్యుని యింటికే. "వచ్చినది పుచ్చుకొనుము, కంపెనీతో పోరాడగలమా?" అని పలువురు సలహా చెప్పుదురు. ఈ సలహా మంచి మనసుతో చెప్పినదే యైనను సరియైనది కాదని మనవి చేయుచున్నాము. సొమ్ము తగ్గించుటకు కంపెనీకి కొన్ని సందర్భములలో హక్కు కలదు. అనేక సందర్భములలో లేదు. ఏది ఏదియో తెలియుటకు పాలసీ కాగితములోని ఒక్క అంకెను అర్థము చేసికొనిన చాలును.

ఆ అంకెను చూచుటకు ముందు పాలసీ ఏ తరగతిదో చూడవలెను. ఇచ్చట పెక్కుమంది మోసపోవుచున్నారు. మోసగించినవారెవరును లేకయే మోసపోవుచున్నారు. 2018 సెప్టెంబరు 1వ తేదీ నుండి క్రొత్త ద్విచక్ర వాహనము కొనువారు ఇతరులకు కలుగు నష్టమునకై అయిదేండ్ల బీమా ఒక్కసారిగా తీసికొనవలెనని సుప్రీంకోర్టు ఉత్తరువు ననుసరించి నియమము వచ్చినది. దీనినే థర్డ్ పార్టీ బీమా అందురు. మన బండికి కలుగు నష్టము, దొంగతనము ఇందులో చేరవు. వాటికి వేరుగా సొంత నష్టపు బీమా ఉండవలెను; అది తరచు ఒక్క సంవత్సరమునకే ఇవ్వబడును. పాలసీ కాగితముపై "అయిదు సంవత్సరములు" అని చూచి, రెండవ యేట సొంత నష్టపు బీమా పునరుద్ధరింపక ఊరకుండినవారికి బండి పోయినచో ఒక్క రూపాయియు రాదు. ఇట్టివారి విషయమున కంపెనీతో వాదించుట వృథా.

కాగితముపై ఉన్న అంకె

సొంత నష్టపు బీమా అమలులో ఉన్నయెడల పాలసీలో "ఐ.డి.వి." అను గడి యుండును. బీమా నిమిత్తము ప్రకటించిన విలువ అని దాని భావము. అదే నమూనా బండికి తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర తీసికొని, బండి వయస్సునుబట్టి తరుగు తీసివేసి ఈ విలువను నిర్ణయింతురు. 2002 జూలై నుండి అమలునకు వచ్చిన మోటారు టారిఫ్‌లోని పట్టిక ప్రకారము ఆరు నెలలలోపు బండికి తరుగు 5 శాతము, ఆరు నెలలు దాటి ఏడాదిలోపు 15 శాతము, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50 శాతము. అయిదేండ్లు దాటిన బండి విలువను ఇరుపక్షములు మాటాడుకొని నిర్ణయించుకొనవలెను. కంపెనీనిబట్టి నేడు ఈ లెక్కలో కొద్ది హెచ్చుతగ్గులుండవచ్చును.

ముఖ్యవిషయ మేమనగా, తరుగు తీయుట పాలసీ ఇచ్చు నాడే ముగిసినది. పాలసీ కాలమంతయు ఈ అంకెనే బండి మార్కెటు విలువగా పరిగణింపవలెననియు, బండి పూర్తిగా నష్టమైనప్పుడు మరల తరుగు తీయరాదనియు ప్రామాణిక పాలసీ షరతులలోనే ఉన్నది. దొరకకుండ పోయిన బండి పూర్తి నష్టమే కదా.

ఒక ఉదాహరణము తీసికొందము. బండి ప్రకటిత ధర రూ. 90,000, పాలసీ తీసికొనునాటికి బండి వయస్సు రెండేండ్లు దాటి మూడేండ్లలోపు. 30 శాతము తరుగు పోగా ఐ.డి.వి. రూ. 63,000. ఎనిమిదవ నెలలో బండి పోయినది. కంపెనీ ప్రతినిధి వచ్చి, "ఇట్టి పాతబండి బజారులో నేడు రూ. 45,000లకు దొరకును, అంతియే ఇత్తుము" అనినయెడల ఆ మాట చెల్లదు. ఇవ్వవలసినది రూ. 63,000, దానినుండి పాలసీదారుడు విధిగా భరింపవలెనని పాలసీలో వ్రాసిన స్వల్ప మొత్తమును మాత్రము తీసివేయవచ్చును. రూ. 63,000ల విలువపై ప్రీమియము లెక్కకట్టి వసూలు చేసినవారే, నష్టము వచ్చిననాడు ఆ విలువ వట్టిదనుట వింత. పునరుద్ధరణ సమయమున తాను అంగీకరించిన విలువను కంపెనీ తరువాత కాదనుట తగదని 2008లో సుప్రీంకోర్టు ఒక వాహన ప్రమాదపు కేసులో చెప్పియున్నది.

అయితే ఇందులోనే మరియొక ప్రక్క కూడ కలదు. ప్రీమియము నూరో రెండు నూర్లో తగ్గునను ఆశతో పునరుద్ధరణనాడు ఐ.డి.వి.ని తక్కువగా వ్రాయించుకొన్నవారు, లేదా ఏజెంటు వ్రాసిన దానిని చూడక సంతకము చేసినవారు, బండి పోయిన పిమ్మట ఎక్కువ కోరజాలరు. ఆ అంకె ఇరువురినీ కట్టివేయును. అదనముగా అమర్చుకొన్న సామగ్రి విలువ పాలసీలో చేర్చనిచో అదియు రాదు. కొన్న ధర మొత్తము తిరిగి రావలెననిన "రిటర్న్ టు ఇన్వాయిస్" అను అదనపు రక్షణకు వేరుగా ప్రీమియము కట్టియుండవలెను. "జీరో డెప్" అనునది మరమ్మతులలో మార్చు భాగములకు సంబంధించినది. దొంగతనమున దాని ప్రసక్తి లేదు.

నాలుగవ వంతు కోత

కంపెనీలు చూపు రెండవ కారణము షరతుల ఉల్లంఘన. షరతు తప్పినందున మొత్తములో 75 శాతమే ఇత్తుమందురు. పై లెక్కలో రూ. 15,750 పోయి రూ. 47,250 మిగులును. ఈ పద్ధతి పూర్తిగా నిరాధారము కాదు. 2008లో సొంత వాడకమునకై బీమా చేసిన వాహనమును అద్దెకు త్రిప్పగా అది దొంగిలింపబడిన కేసులో, షరతు తప్పినను కంపెనీ పూర్తిగా చేతులెత్తివేయరాదని చెప్పి, 75 శాతము చెల్లింపును సుప్రీంకోర్టు సమర్థించినది. 2023లో డ్రైవరు తాళపుచెవిని లారీలోనే వదలి దిగగా అది పోయిన కేసులోను 75 శాతమే ఇప్పించినది. కనుక చెవిని బండికే ఉంచి టీకొట్టు వద్ద దిగినవాడు ఈ కోతను ఎదిరించుట కష్టము. కాని గని వద్ద స్టాండులో తాళము వేసి నిలిపిన బండి విషయమున ఏ షరతు తప్పినదో కంపెనీయే చూపవలెను. బండితో వచ్చిన రెండు చెవులను కంపెనీవారు అడుగుదురు. ఒకటి పోయినచో అనుమానమునకు తావిచ్చినట్లగును; రెండవ చెవిని యింట భద్రపరచుట మంచిది.

ఆలస్యముగా తెలిపితిరనుట తరచు వినవచ్చు మరియొక కారణము. దీనిపై 2020 జనవరి 24న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఒక ట్రాక్టరు దొంగతనపు కేసులో స్పష్టమైన తీర్పు నిచ్చినది. ఆ యజమాని దొంగతనము జరిగిననాడే పోలీసులకు ఫిర్యాదు చేసెను. బీమా కంపెనీకి మాత్రము 52 దినముల తరువాత తెలిపెను. పోలీసులకు వెంటనే తెలిపినప్పుడు, కంపెనీకి తెలుపుటలోని ఆలస్యము ఒక్కదానినే పట్టుకొని క్లెయిమును త్రోసివేయరాదని ధర్మాసనము నిర్ణయించినది. దీనినిబట్టి పోలీసు ఫిర్యాదు తేదీకి ఎంత విలువ యున్నదో సభ్యులు గ్రహింపగలరు. "రెండు దినములు వెదకి చూతము, దొరకవచ్చును" అని ఊరి పెద్దలు ఆపుట వలన పోయిన సొమ్ము కొంచెము కాదు. బండి కనబడని నాడే ఠాణాకు పోవలెను. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఫిర్యాదు తీసికొనవలెను, ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదుదారునకు ఉచితముగా ఇవ్వవలెను. తీసికొననిచో విషయమును తపాలా ద్వారా పై పోలీసు అధికారికి పంపవచ్చును. అదే దినమున కంపెనీకి ఫోను చేసి క్లెయిము సంఖ్య వ్రాసికొనవలెను. గ్రామమున సీసీ కెమెరాలున్నచో ఆనాటి దృశ్యములు చెరిగిపోకముందే భద్రపరచుమని కోరుట పంచాయతీ చేయదగిన సహాయము. బండి దొరకలేదను పోలీసు తుది నివేదిక వచ్చినదాక కంపెనీ సాధారణముగా చెల్లింపు చేయదు. దానికొరకు ఠాణాకు తిరుగుటకు ఓర్పు కావలెను.

సంతకమునకు ముందు

తగ్గించిన సొమ్ము పంపుటకు ముందు, "పూర్తిగాను తుదిగాను ముట్టినది" అను రసీదుపై కంపెనీ సంతకము కోరును. అవసరములో ఉన్నవాడు సంతకము చేయును. సంతకము చేసినంతమాత్రమున హక్కు పోదని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పినది. కాని ఆ సంతకమును మోసము వలననో, ఒత్తిడి వలననో, తప్పుడు మాటల వలననో పొందిరని పాలసీదారుడే రుజువు చేసికొనవలెను. అది సులభము కాదు. కావున సంతకమునకు ముందే కంపెనీకి ఒక జాబు పంపుట మేలు: "నా పాలసీలో ఐ.డి.వి. ఇంత, మీరు ఇచ్చెదమన్నది ఇంత, తగ్గించిన మొత్తమునకు కారణమును, ఆధారమైన పాలసీ షరతును, సర్వేయరు లేక పరిశోధకుని నివేదిక ప్రతిని వ్రాతపూర్వకముగా పంపవలెను. తక్కిన సొమ్ముపై హక్కు వదలుకొనకయే ఈ మొత్తము స్వీకరింతును." ఇంతకుమించి ఒక్క వాక్యము అక్కరలేదు. రిజిస్టరు తపాలాలో పంపి రసీదు దాచవలెను. కోపముతో వ్రాసిన నాలుగు పుటల జాబుకంటె ఈ నాలుగు పంక్తులకే బలమెక్కువ.

జాబునకు తృప్తికరమైన ప్రత్యుత్తరము రానిచో, లేక నెల గడచినను ఏ ప్రత్యుత్తరమును రానిచో, రెండు దారులు కలవు. మొదటిది హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్. తెలంగాణ ఆ కార్యాలయ పరిధిలోనిదే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ నిరాకరించిన ఏడాదిలోపు దరఖాస్తు పంపవలెను. విచారణ వీడియో ద్వారా జరుపుటకు 2021లో నియమములు సవరింపబడినవి గనుక మంథని నుండి రాజధానికి పోవు ఖర్చు తప్పవచ్చును. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీని బంధించును, పాలసీదారుని బంధింపదు. రెండవది వినియోగదారుల కమిషను. 2019 చట్టము ప్రకారము తాను నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ కార్యాలయము ఏ నగరమందున్నను బాధ లేదు. కమిషను పరిధియు, రుసుమును కట్టిన ప్రీమియమునుబట్టి యుండును గాని కోరు సొమ్మునుబట్టి కాదు. ప్రీమియము అయిదు లక్షలలోపైనచో రుసుమే లేదు. మోటారు సైకిలు ప్రీమియము ఆ దరిదాపులకైన పోదు గదా. గడువు రెండేండ్లు. ఒకే తగవును కమిషనులో నడుపుచు అంబుడ్స్‌మన్ వద్దకు పోరాదు. మా అభిప్రాయమున, కేవలము లెక్కలోనే తేడా ఉన్నచో అంబుడ్స్‌మన్ దారి సులువు. సాక్ష్యము పరిశీలింపవలసిన కేసునకు కమిషనే తగినది. నియంత్రణ సంస్థవారి 155255 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకొనవచ్చును.

బండి అప్పుపై కొన్నదైనచో కంపెనీ ఇచ్చు సొమ్ము ముందుగా అప్పిచ్చిన సంస్థకు పోవును. మిగిలినదే యజమానికి వచ్చును. అందువలన తగ్గిన ప్రతి రూపాయియు తుదకు అతని జేబునుండియే పోవును. అప్పు నిలువ ఎంతయో ఆ సంస్థనుండి ముందుగనే వ్రాతమూలకముగా తీసికొనవలెను.

వకీలు కావలసివచ్చినప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చును. 1987 చట్టము 12వ సెక్షను క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. అదే సెక్షనులో పారిశ్రామిక కార్మికులును పేర్కొనబడినారు. గనికి పోవు పెక్కుమంది దీనినెరుగరు. దరఖాస్తుతోపాటు పాలసీ, ఎఫ్.ఐ.ఆర్., కంపెనీ జాబుల నకళ్లను జతపరచి, గని గుర్తింపు కార్డు నకలును కూడ చేర్చవలెను.